వెనక్కి పిలవని డాక్టరమ్మ

మార్కాపురంలో మాది బట్టల దుకాణం. సరుకు కొనేచోట బేరం కుదరకపోతే లేచి నడవడం, అమ్మేవాళ్లే వెనక్కి పిలిచేదాకా నడుస్తూ ఉండడం నాకు చిన్ననాటి విద్య. కిడ్నీలు రెండూ చెడిపోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయాలని డాక్టరమ్మ చెప్పినప్పుడూ అదే విద్య వాడాను.

వారానికి ఒకటి చాలన్నాను, ఆమె ఒప్పుకోలేదు. "మీ మూడొద్దు, నా ఒకటొద్దు. రెండు చేసుకుందాం తల్లీ," అని లేచాను. వాచిన కాళ్లతో, మబ్బుల మీద నడుస్తున్నట్టు మెల్లగా గుమ్మం దాకా పోయాను. ఆమె పిలవలేదు.

కుర్చీలోంచి కదలకుండా నా భార్యే అంది: "డాక్టరమ్మ ఏమన్నా చీరలమ్ముతా ఉందా? మీరు పోతే నష్టం ఆమెకు కాదు, నాకు. వచ్చి కూర్చోండి."

వెళ్లి కూర్చున్నాను.

మొదటిరోజు, గొట్టంలో నా రక్తం నాలోకే తిరిగి రావడం చూస్తూ చూస్తూ కలలోకి జారిపోయాను. మెలకువ వచ్చేసరికి నా చెయ్యి నా భార్య చేతిలో ఉంది. బేరం ఓడిపోయి అంత హాయిగా నిద్రపోయింది ఆ ఒక్కరోజే.