పెద్దమ్మ జట్కా దిగిన రోజు

బెల్లం పాకం పదునుకు వచ్చేముందు ఒక వాసన వస్తుంది. అంతవరకూ పచ్చి చెరుకు వాసన కొట్టేది కాస్తా ఉన్నట్టుండి కమ్మగా మారుతుంది. ఇంకొక్క నిమిషం ఆగితే మాడిపోతుంది. మొన్న పొయ్యిమీద పాకం పెట్టి, నేను వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. ఆ వాసన తగలగానే పేపరు పక్కన పడేసి వంటింట్లోకి నడిచాను. మా మనవరాలు నవ్వి, గడియారం చూడకుండా, గిన్నెలోకి తొంగి చూడకుండా నీకెలా తెలిసిందని అడిగింది. నాకు తెలిసిన పనికొచ్చే సంగతులు చాలావరకు ఒకే మనిషి దగ్గర నేర్చుకున్నవి. ఆమెను ఎరిగినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి చెప్పే పని నా మీద పడింది.

ఆమె మా పెద్దనాయన భార్య. పేరు రాజమ్మ, నాకు పెద్దమ్మ. పాకాలకు రెండు మైళ్ల దూరంలో మా ఊరు. చెరుకు తోటలు, సొంత గానుగ, ఉమ్మడి సంసారం. పూటకు ఇరవైమందికి తక్కువ కాకుండా విస్తళ్లు లేచేవి. గానుగ దగ్గర బెల్లం కాచేది మగవాళ్లే. కానీ పెనం దించాలా, ఇంకాసేపు ఉంచాలా అన్న అనుమానం వస్తే పెద్దమ్మకు కబురు వచ్చేది. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, దూరంగానే నిలబడి వాసన చూసి, "దించండి" అనేది. మా పెద్దనాయన ఊళ్లో పదిమందికి తీర్పులు చెప్పే మనిషి. ఆ ఒక్క మాటకు మాత్రం ఎదురు చెప్పేవాడు కాదు. నాకు ఆ దృశ్యం చూడడమంటే భలే ఇష్టంగా ఉండేది.

ఇంట్లో మాత్రం ఆమె తీర్పులేవీ చెల్లేవి కావు. మగవాళ్ల పంక్తి, పిల్లల పంక్తి, చుట్టాల పంక్తి అయ్యేదాకా పొయ్యి దగ్గరే ఉండేది. ఎవరి విస్తరిలో ఏది పడినా పొగలు కక్కుతూ పడాలి. అది ఆమె పంతం. అందరూ లేచాక గిన్నెల అడుగున మిగిలింది గోకి, గట్టిపడిన సంగటి ముద్దతో తినేది. ఒకసారి నేను ఆమె పక్కన చేరి, నువ్వెప్పుడూ చల్లారిందే తింటావు ఎందుకని అడిగాను. ఆమెకు ఆ ప్రశ్న కొత్తగా ఉన్నట్టుంది. "వేడి నా చేతులకు తెలుసులే పాపా, నోటికే తెలీదు" అంది. అని నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు.

ఏడాదికొకసారి, గానుగ పని ముగిశాక, ఇంటిల్లిపాదీ తిరుపతి పోయేవాళ్లం. కొండకు కాదు, బజారుకు. బట్టలు, ఇత్తడి సామాను కొనడం పైకి చెప్పే కారణం. అసలు కారణం తిండి. పాకాలలో రైలెక్కిన దగ్గరనుంచీ మా నాయన ఏ అంగట్లో ఏం తినాలో పిల్లలకు వరస చెప్పేవాడు. స్టేషను బయట హోటల్లో దోసె, కాఫీ. బజారు మొదట్లో మిరపకాయ బజ్జీలు. మధ్యలో గోలీ సోడా. చివర మిఠాయి అంగట్లో జిలేబీ. ఆ వరస మారడానికి వీల్లేదు.

అయితే ఆ వరస మగవాళ్లకూ, చిన్నపిల్లలకూ. మా ఇంటి ఆడవాళ్లు హోటల్లో కాలు పెట్టేవాళ్లు కాదు. రెండు జట్కాలు మాట్లాడుకునేవాళ్లం. ఆడవాళ్ల జట్కాకు ముందూ వెనకా దుప్పటి తెర కట్టేవాళ్లు. మగవాళ్లు లోపల కూర్చుని తినేసి, మూతులు తుడుచుకుని, ఆకు పొట్లాలు తెచ్చి తెర సందులోంచి అందించేవాళ్లు. చిన్నదాన్ని కాబట్టి నేను ఏటా నాయన చెయ్యి పట్టుకుని హోటల్లోకి పోయేదాన్ని. రాతి పలక బల్ల ముందు కాళ్లు ఊపుకుంటూ కూర్చుని, పెనం మీదనుంచి నేరుగా ఆకులోకి వచ్చిన దోసె తినేదాన్ని. తెర వెనక కూర్చున్నవాళ్లకు ఏం అందుతున్నదీ నేను ఒక్కసారైనా ఆలోచించిన పాపాన పోలేదు.

నాకు పదకొండో ఏడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. స్టేషను బయట హోటలు ముందు జట్కా ఆగగానే నేను దూకబోయాను. పెద్దనాయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. పాప పెద్దదవుతా ఉంది, ఇంక బండ్లోనే కూర్చోనీ అని మా అమ్మతో చెప్పాడు. కోపంగా ఏమీ చెప్పలేదు, మామూలుగానే చెప్పాడు. నేను నాయన వైపు చూశాను. నాయన అటు తిరిగి చెప్పులు సర్దుకున్నాడు. ఆయన తన అన్నకు ఎదురు చెప్పే మనిషి కాదని తెలిసినా, ఆ చెప్పులు సర్దుకోవడాన్ని నేను చాలా ఏళ్లు క్షమించలేదు.

తెర వెనక ఉక్క. కాసేపటికి పొట్లం వచ్చింది. విప్పితే దోసె తడిగుడ్డలా ముడుచుకుపోయి ఉంది. పచ్చడి అంతా అందులోకి ఇంకిపోయింది. చెంబులో కాఫీ గోరువెచ్చగా ఉంది. నేను ముట్టనన్నాను. ఏడ్చాను. అమ్మ నన్ను కసిరి, ఆడపిల్లకు ఇంత నాలుక పనికిరాదంది. పెద్దమ్మ మాత్రం ఆ దోసెను వేళ్లతో ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, లోపల ఇది ఎట్లుంటుందని నన్ను అడిగింది. ఏడుపు మధ్యలోనే చెప్పాను. అంచు విరిస్తే చప్పుడవుతుందని, మధ్యలో మెత్తగా ఉంటుందని, ఆవిరి ముఖానికి కొడుతుందని చెప్పాను. ఆమె అడిగి అడిగి చెప్పించుకుంది. ఇన్నేళ్లూ అదే దోసె తిన్న మనిషి ఒక కొత్త వంట గురించి విన్నట్టు వింది. తర్వాత బజ్జీల పొట్లం వచ్చింది. అవీ మెత్తబడిపోయాయి. ఆమె ఒకటి తీసుకుని, తినకుండా పొట్లంలోనే పెట్టేసింది.

ఎండ తగ్గే వేళకు మిఠాయి అంగడి చేరాం. ఆ ఏడు చక్కెర కంట్రోలు. అంగళ్లలో చక్కెర మిఠాయిలు దొరకడం గగనమైపోయింది. మిఠాయి చేసేవాళ్లు బెల్లంతో తంటాలు పడుతున్నారు. నాయన తెర సందులోంచి బెల్లం జిలేబీల పొట్లం అందించాడు. పట్టుకుంటే వేలికి వేలాడుతున్నాయి. పెద్దమ్మ ఒక తునక నోట్లో వేసుకుని ఆగిపోయింది. మళ్లీ నాలుక కొసతో రుచి చూసింది. ఇది చౌడు నేల బెల్లమని, ఉప్పదనం తెలుస్తూ ఉందని, చెమ్మ లాగి పాకాన్ని నీళ్లు చేస్తుందని అమ్మతో అంది. అని, తెర పక్కకు తీసి, జట్కా దిగింది.

అమ్మ ఆమె చీర కొంగు పట్టుకోబోయింది. అందలేదు. పెద్దమ్మ నేరుగా పెనం దగ్గరకు పోయి, అంగడి ఆయనను బెల్లం చూపించమంది. ఆయన ముసలివాడు, ఆరణి వైపునుంచి వచ్చి స్థిరపడ్డ తమిళాయన. ముందు తెల్లబోయాడు. తర్వాత అచ్చు తెచ్చి చూపించాడు. ఆమె గోటితో గీరి నాలుక మీద పెట్టుకుని, దీంతో చేస్తే వారమంతా చేసినా ఇంతేనని చెప్పింది. మంచి బెల్లం లేదా అని అడిగింది. లోపల పండగకు దాచిన బెల్లం ఉందట. తెప్పించింది. కరిగించి, గుడ్డలో వడగట్టించి, కొత్త పాకం పెట్టించింది. చుట్టూ జనం మూగారు. పెద్దనాయన అంగడి స్తంభానికి ఆనుకుని, ఈ మనిషి ఎవరో నాకు తెలియదన్నట్టు బజారు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎటు చూసినా ఆమె ఆయన భార్యే.

పాకం వాసన మారింది. పెద్దమ్మ "దించు" అంది. అంగడి ఆయన దించాడు. పెనంలోంచి తీసిన జిలేబీలు ముంచి పైకెత్తితే ఎర్రగా, బిర్రుగా నిలబడ్డాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. వాటిని మర్యాదగా ఆకులో పెట్టి పొట్లం కట్టబోయాడు.

"కట్టొద్దప్పా. పొట్లం కడితే సస్తాది. ఈడనే పెట్టు" అంది పెద్దమ్మ. వెనక్కి తిరిగి, జట్కాలోంచి తొంగి చూస్తున్న నన్ను పిలిచింది. "దిగు పాపా. వచ్చి కూసో."

అంగడి ముందు ఒక బల్ల ఉంది. ఆమె దానిమీద, వీధి వైపు ముఖం పెట్టి కూర్చుంది. నేను పరుగున పోయి పక్కన చేరాను. పెద్దనాయన ఇంక ఆగలేకపోయాడు. దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "లెయ్. నలుగురూ సూస్తా ఉండారు" అన్నాడు.

ఆమె గొంతు తగ్గించలేదు. "సూడనీ. పాతికేండ్లుగా మీకందరికీ వేడిగా పెట్టినాను. ఒక్కపూట నాకు నేను పెట్టుకుంటా."

పెద్దనాయన మళ్లీ స్తంభం దగ్గరకు పోయాడు. గానుగ దగ్గర ఆమె మాటకు తలూపే మనిషే అప్పుడు నాకు కనిపించాడు.

పెద్దమ్మ జిలేబీ ఎత్తి మొత్తంగా నోట్లో పెట్టుకుంది. మరుక్షణం ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మూయలేదు, ఉమ్మలేదు, చేత్తో గాలి విసురుకుంది. కాగే పాకాన్ని దూరంనుంచే అంచనా కట్టే మనిషికి వేడి వస్తువు తినడం చేతకాలేదు. ఊదుకోవాలని, అంచునుంచి కొరకాలని, నాలుక మీద అటూ ఇటూ తిప్పాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అది నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎట్లా తినాలో నేనే చూపించాను. రెండోది ఊదుకుంటూ, కొంచెం కొంచెంగా తింది. "ఇదా మీరు తినేది" అంది. ఆ మాటలో కోపం లేదు.

నేను మూడోది తింటున్నాను. పెద్దమ్మ లేచి, పాకంలోంచి అప్పుడే తీసిన జిలేబీని ఉత్త అరచేతిలో వేయించుకుని జట్కా వైపు పరుగెత్తింది. నలభై దాటిన మనిషి, పెద్దింటి కోడలు, తిరుపతి బజార్లో పరుగు. తెర ఎత్తి, అమ్మ నోటి దగ్గర పెట్టి, చల్లారకముందే తినమంది. అమ్మ దిగలేదు. దిగే ధైర్యం ఆమెకు ఆ రోజు రాలేదు. కానీ తెరలోంచి తల బయటికి పెట్టి, ఊదుకుని తింది. బల్ల మీద కూర్చుని చూస్తున్న నాకు అప్పుడు సిగ్గేసింది. నన్ను జట్కాలో కూర్చోబెట్టారని పొద్దుటినుంచీ ఏడ్చానే గానీ, అమ్మ పదిహేనేళ్లుగా అందులోనే కూర్చుని ఉందని నాకు తోచలేదు. వేడి జిలేబీ చేతిలోకి వచ్చాక కూడా తోచలేదు. పెద్దమ్మకు తోచింది.

పెద్దనాయన రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు నిలవ ఉంచిన బెల్లం గురించి ఏదో అనుమానం వచ్చి మాట్లాడక తప్పలేదు. ఆ తర్వాత ఇంట్లో అన్నీ మారిపోయాయని చెప్పను. ఆమె చాలా ఏళ్లు పంక్తులన్నీ అయ్యాకే తినింది. కానీ మరుసటి ఏడు తిరుపతిలో జట్కాలకు దుప్పట్లు కట్టలేదు. హోటల్లో మూలగా ఉన్న బల్ల దగ్గర మేం ముగ్గురం కూర్చున్నాం. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని, దోసె మాత్రం ముక్క మిగల్చకుండా తింది.

నన్ను గూడూరు ఇచ్చారు. కాపురానికి పోయిన మొదటి నెలలో ఒకరోజు చుట్టాలు వచ్చారు. నేను గారెలు వేస్తున్నాను. మా అత్తగారు పక్కన నిలబడి, తీసినవి తీసినట్టు పళ్లెంలో పేర్చి చావడిలోకి పంపిస్తున్నారు. ఆమెకు అప్పటికి అరవై. గట్టి మనిషి, కోడళ్లను కంటిచూపుతో నడిపే మనిషి. నాకు భయం లేదని అబద్ధం చెప్పను. అయినా మరో వాయి తీసినప్పుడు ఒక గారె పక్కకు పెట్టి, ఆకులో ఆమె చేతికి ఇచ్చి, ఇక్కడే, ఇప్పుడే తినమన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూశారు. చావడి వైపు చూశారు. అక్కడ మగవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ గారెను ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, చివరికి కొరికారు.

తర్వాత పీట లాక్కుని పొయ్యి దగ్గర కూర్చున్నారు. చావడిలోంచి గారెలు ఇంకా రాలేదేమని ఎవరో కేకేశారు. ఆమె కదల్లేదు. ఆకు నా వైపు చాపి, "ఇంకోటి వెయ్యమ్మా" అన్నారు.