అప్పగింతల బావ

మా బావ చేతికి ఏదైనా ఇవ్వాలంటే నోటితో కూడా ఇవ్వాలి. ఊరికే చేతిలో పెడితే ఒప్పుకోడు. "కంట్రోల్ నాది" అని ఆయన అనాలి, "కంట్రోల్ మీది" అని మనం అనాలి. అప్పుడుగానీ వస్తువు చేయి మారదు.

ఈ జబ్బు యుద్ధవిమానాలు నడిపే రోజుల్లో అంటుకుంది. శిక్షణ విమానంలో ఇద్దరు కూర్చుంటారట, ఇద్దరి ముందూ అవే మీటలు. ఎదుటివాడు పట్టుకున్నాడులే అని ఇద్దరూ వదిలేస్తే ఇక విమానాన్ని దేవుడే పట్టుకోవాలి. అందుకని నోటితో అప్పగించి, నోటితో అందుకుంటారు. బాగానే ఉంది. విమానాలు మానేసి, కంప్యూటర్లు నేర్చుకుని, నేను పనిచేసే మందుల కంపెనీలోనే కంప్యూటర్ నిపుణుడిగా చేరాక కూడా ఇదెందుకయ్యా అంటే వినడే!

ఒకసారి మా అక్క పొయ్యి మీద కూర కలుపుతోంది. ఫోను మోగింది. "ఈ గరిటె కాస్త పట్టుకోండి" అని ఆయన చేతిలో పెట్టి వెళ్లింది.

"కంట్రోల్ నాది" అన్నాడు బావ.

జవాబు లేదు. అక్క అప్పటికే స్నేహితురాలితో కబుర్లలో మునిగిపోయింది. బావ గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మాడు వాసన ముందుగదిలో ఉన్న నా దాకా వచ్చింది.

"కళ్లెదుట మాడిపోతుంటే చూస్తూ నిలబడ్డారా?" అని అక్క లబలబలాడింది.

"నువ్వు అప్పగించలేదుగా!" అన్నాడా మహానుభావుడు.

ఆఫీసులో కీబోర్డుకీ ఇదే తంతు. చెడిపోయిన కంప్యూటర్ ముందు మేం జుట్టు పీక్కుంటుంటే ఈయన చేతులు కట్టుకుని మా జవాబు కోసం ఎదురుచూసేవాడు. "మీదే స్వామీ, మీదే!" అని దణ్ణం పెట్టేవాళ్లం.

మా గోదాము చూసుకునే పెద్దాయనకి రిటైర్మెంట్ దగ్గరపడింది. కంప్యూటర్ అంటే హడల్. "ఇంకొక్క పొరపాటు జరిగితే ఇంటికి పంపేస్తాను" అని మేనేజర్ అందరి ముందూ ఆయన్ని హెచ్చరించాడు కూడా. ఆ భయంతోనే ఒకరోజు ఏం నొక్కాడో ఏమో, మందుల నిల్వల వివరాలన్నీ మాయమైపోయాయి. కబురు తెలిసి బావా నేనూ పరిగెత్తాం.

"నా పని అయిపోయింది బాబూ" అన్నాడు పెద్దాయన, చెమటలు కక్కుతూ.

"కంట్రోల్ నాది" అన్నాడు బావ.

"అది కాదు బాబూ, నేను..."

"కంట్రోల్ నాది!"

నాకు ఒళ్లు మండిపోయింది. "కొంప మునుగుతుంటే ఇప్పుడీ గోలేంటి బావా?"

"నువ్వుండరా."

"మీదే బాబూ, కంట్రోల్ మీదే" అన్నాడు పెద్దాయన ఏడుపు గొంతుతో. బావ కుర్చీలో కూర్చున్నాడో లేదో, మేనేజర్ ఊడిపడ్డాడు.

"ఎవరి నిర్వాకం ఇది?"

"కంట్రోల్ నాది సార్" అన్నాడు బావ, తెర మీంచి చూపు తిప్పకుండా.

"మీరిప్పుడేగా వచ్చింది?"

"తీసుకున్నాక మంచైనా చెడైనా నాదే సార్. కావాలంటే మా బావమరిదిని అడగండి."

తలూపాను. ఊపక చస్తానా? అప్పగింత నా చెవులారా విన్నానాయె! నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో బావని చూస్తే గర్వంగా అనిపించింది.

వేరేచోట దాచి ఉంచిన నకలు తెచ్చి మధ్యాహ్నానికల్లా అన్నీ సరిచేశాడు. అయినా మేనేజర్ కోపం చల్లారలేదు. బావ సెలవు రద్దు చేసి, నెల రోజులు గోదాములోనే పడి ఉండమన్నాడు. ఆ సెలవులో సముద్రం చూడ్డానికి పెట్టె సర్దుకున్న మా అక్క, బావతో మాట్లాడ్డం మానేసింది.

"విమానంలోనూ ఇంతేనా? ముందువాడి తప్పు కూడా మన నెత్తినే పడుతుందా?" అని అడిగాను.

"ఛఛ! అక్కడ ఎవడి తప్పు వాడిదే. నేల మీదకొచ్చాక రూలు కాస్త సవరించాన్రా. మీ అక్కకి మాత్రం చెప్పకు."

వారం పోయాక పరామర్శకి గోదాముకి వెళ్లాను. ఒకటే ఉక్క. అట్టపెట్టెల మధ్య కంప్యూటర్ ముందు బావా, పెద్దాయనా పక్కపక్కనే కూర్చుని ఉన్నారు.

"శిక్ష ఎలా ఉంది బావా?"

"ఘోరంగా ఉందిరా. ఒక్క వేలితో టైపు కొట్టే మనిషి మూడు వేళ్లకొచ్చేశాడు. ఇదే జోరైతే నన్ను తొందరగా మళ్లీ ఆఫీసుకి పంపేస్తారు."

"అబ్బబ్బ, ఆ కబుర్లేవో బయటికెళ్లి చెప్పుకోండి బాబూ!" అని పెద్దాయన విసుక్కున్నాడు. "నన్ను కాస్త పని చేసుకోనివ్వండి!"