వానపామే అయి ఉంటే

ఆ ఉదయం లెట్రిన్‌లో కనబడిన దాన్ని వానపామనుకోవాలని నేను చాలా ప్రయత్నించాను. జానెడు కంటే పొడవుంది. మీగడలో కాస్త గులాబీ రంగు కలిపినట్టుంది. మాది కింద కూర్చునే పాతకాలపు లెట్రిన్. వానలు పడితే జాలీలోంచి వానపాములు రావడం మామూలే. కానీ అది నా కడుపులోంచే పడిందేమోనన్న అనుమానం ఎంతకీ వదల్లేదు. కొన్నాళ్లుగా బొడ్డు చుట్టూ నొప్పి వచ్చి పోతోంది.

వరంగల్ బజారులో మాది బట్టల దుకాణం. పైన ఇల్లు. నేను, మా ఆయన, మా అత్తమ్మ. అత్తమ్మకు శుభ్రం ప్రాణం. నేను కడిగిన గిన్నెను మళ్లీ కడిగేది. ఏదైనా తేడా కనిపిస్తే మా పుట్టినూరి పేరెత్తి, "మీ నెక్కొండల నడుస్తదేమో, ఇక్కడ నడువది బిడ్డా" అనేది. అది గట్టిగా కూడా అనేది కాదు. అందుకే ఎదురు చెప్పడం కుదిరేది కాదు.

ఆ పురుగును పుల్లతో తీసి, ఖాళీ జామ్ సీసాలో నీళ్లుపోసి వేశాను. నల్ల కవర్లో చుట్టి, జాకెట్లు కుట్టడానికిచ్చి వస్తానని ఇంట్లో చెప్పి, ఆటోలో ఊరికి అవతల సుబేదారిలో ఉన్న ల్యాబుకు వెళ్లాను. మమ్మల్ని ఎరిగినవాళ్లు అటువైపు లేరని నా ధైర్యం.

ల్యాబులో ఉన్న డాక్టరమ్మను చూడగానే కవరును కొంగు చాటుకు లాక్కున్నాను. మా దుకాణానికి వచ్చే మనిషే.

"ఏం తెచ్చిన్రమ్మా?"

"వానపామనుకుంట మేడం. జర చూసి చెప్తరా?"

ఆమె దాన్ని తెల్లటి ట్రేలోకి వంచి భూతద్దం పట్టుకుంది. "ఇటు రాండ్రి, మీరే చూడుండ్రి. వానపాముకు ఒళ్లంత రింగులుంటయి. దీనికున్నయా?"

లేవు. ఒళ్లంతా నున్నగా ఉంది. రెండు కొసలూ సన్నబడ్డాయి.

"నోటికాడ మూడు పెదవులున్నయి, కనవడుతున్నయా? ఇది ఏలికపాము. మనిషి పేగులల్ల పెరుగుతది. తోక సీదగుంది కాబట్టి ఆడది. మగదాని తోక వంకర తిరుగుతది."

ఆడది అనేసరికి ఎందుకో నాకు ఇంకా సిగ్గేసింది.

"మా పాప ఫంక్షనుకు చీరలు మీ షాపులనే తీసుకున్నం కదా?" అందామె.

కాదన్నట్టు తల ఊపాను. ఆమె మళ్లీ అడగలేదు. అబద్ధమని ఆమెకు తెలిసిపోయిందని నాకూ తెలిసింది.

"ఫికర్ చెయ్యకుండ్రి. గోలీతోని పోతది. మట్టంటిన ఆకులు, కూరగాయలు మంచిగ కడగకుండ పచ్చివి తింటె గుడ్లు లోపటికి పోతయి. ఇంట్ల అందరు ఒక్కటే తింటరు కాబట్టి అందరి మోషన్ టెస్టు చేపియ్యుండ్రి."

ఇంటికొచ్చి మా ఆయనకు మాత్రమే చెప్పాను. ఆయన మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని వాళ్లమ్మకు చెప్పేశాడు. దాచాల్సిన సంగతని ఆయనకు తట్టలేదు. అత్తమ్మ కంచం పక్కకు జరిపింది. ఆ సాయంత్రం నుంచి తన బియ్యం తానే కడుక్కుని, తన కూర తానే వండుకుంది. ఒకరి చేతి వంటతో మరొకరికి అది నేరుగా అంటుకోదని డాక్టరమ్మ చెప్పిందన్నాను. "అయితే అయింది లే" అంది. నేను వడ్డించబోతే ఆయన ఒక్కడే కంచం పట్టేవాడు. నాకు వంటింట్లోకి వెళ్లాలంటేనే తల వంగిపోయేది.

టెస్టుకు ఆమె ససేమిరా అంది. "నాకెక్కడి పురుగులురా? ఈ వయసుల నా పరువు తీస్తరా?" కొడుకు బతిమాలితే చివరికి మొహం తిప్పుకుని డబ్బా ఇచ్చింది.

ఫలితం కోసం నేనే వెళ్లాను. ఆయనకు ఏమీ లేదు. అత్తమ్మకు ఉంది. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూపించింది. గోధుమరంగు గుడ్లు, చుట్టూ గరుకుగా అలలు తిరిగిన అంచు. నేను కన్ను తీయకుండా చూశాను. నాలో ఏదో తేలికైంది. ఆటోలో దారంతా ఇంట్లో ఎలా చెప్పాలా అని మాట తర్వాత మాట పేర్చుకున్నాను.

ఆయన భోజనానికి పైకి వచ్చేదాకా ఆగి మరీ చెప్పాను. "అత్తమ్మా, మీకు కూడ ఉన్నయట. గుడ్లు నేను కండ్లార చూసిన."

ఆమె తరుగుతున్న బీరకాయను పక్కన పెట్టింది. లేచి బాత్రూంలోకి వెళ్లింది. నల్లా తిప్పిన చప్పుడు, చేతులు రుద్దుకునే చప్పుడు ఆగకుండా వినిపించాయి. ఆయన నావైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. కడుపులో పురుగుందని విన్నప్పుడు కూడా నేనంత సిగ్గుపడలేదు.

తలుపు దగ్గరికి వెళ్లి, "అత్తమ్మా, బయటికి రాండ్రి. నాకు సుత ఉన్నయి కదా" అన్నాను. అంతకన్నా మంచి మాట తోచలేదు.

చాలాసేపటికి వచ్చింది. వేళ్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి. గోలీ అరచేతిలో పెట్టాను. నీళ్లు తాగి, చాలా చిన్న గొంతుతో అడిగింది.

"ఆ పొద్దు నువ్వు చూసినప్పుడు ఆ పురుగు కదిలిందా బిడ్డా?"

"లేదు అత్తమ్మా."

"ఎవ్వలకు చెప్పకు."

చెప్పనన్నాను. తర్వాతి టెస్టులో ఇద్దరికీ ఏమీ లేవని తేలింది. ఆమె మళ్లీ నా వంట తింటోంది. నేను కడిగిన గిన్నెను కూడా ఇప్పుడు తిరిగి కడగడం లేదు. తీసి చూస్తుంది, ఏమీ అనకుండా బోర్లిస్తుంది. ఒకప్పుడు నేను కోరుకున్నది అదే. ఇప్పుడు ఆ గిన్నె బోర్లించిన చప్పుడు వింటే ఆ రోజు ఆగకుండా వినిపించిన నల్లా చప్పుడు గుర్తొచ్చి, నేను ఆ వంటింట్లోంచి మెల్లగా జారుకుంటున్నాను.