అక్కా మెస్సులో ఉప్పు తగ్గిన కథ

తన గొయ్యి తాను తవ్వుకోవడానికి కొందరికి పార కావాలి. నాకు నాలుక సరిపోయింది.

కోయంబత్తూరు మొత్తం మిల్లు సంగు, అదే సైరను, కూతకే లేచి, ఆ కూతకే తిని, ఆ కూతకే పడుకునే రోజుల్లో, ఆ నగరంలో నాకు దొరికిన ఒకే ఒక్క మంచి భోజనాన్ని నేను ఎలా నాశనం చేసుకున్నానో ఇప్పుడు చెబుతాను. దయచేసి ముందు భోంచేసి రండి. ఆకలి మీద చదివితే ఏడుపొస్తుంది. నాకైతే కడుపు నిండినా వస్తుంది.

అప్పట్లో నేనొక నూలు మిల్లులో గుమాస్తాని. సొంతూరు ఉడుమలైపేట పక్కన. పెళ్ళి కాలేదు. అద్దెగదిలో పొయ్యి వెలిగించకూడదని ఇంటాయన షరతు. అంటే మూడు పూటలా హోటలే గతి. ఆ నగరంలో నేను తినని హోటలు లేదు, నన్ను ఏడిపించని హోటలూ లేదు. స్టేషను దగ్గర ఒక చోట ఇడ్లీని గోడకేసి కొడితే గోడే పెచ్చులూడేది. మిల్లు గేటు ఎదురుగా ఇంకో చోట సాంబారులో ఒక మునక్కాడ ముక్క ఉండేది. అది తినడానికి కాదు, చూడడానికి. పొద్దున నా గిన్నెలో చూసిన ముక్కనే మధ్యాహ్నం పక్కవాడి గిన్నెలో గుర్తుపట్టాను. మాంసం వండే మిలిటరీ హోటలుకు వెళితే, పేరుకు తగ్గట్టే యుద్ధం జరిగింది. కోడి గెలిచింది, నా పళ్ళు ఓడాయి.

మద్యనిషేధం ఎత్తేసి మందు షాపులు తెరిచాక మా రంగసామి నన్నొక బారుకు కూడా తీసుకెళ్ళాడు. రంగసామి మా మిల్లులోనే ఫిట్టరు, మా తెలుగువాడే. ఆ బారులో చీకటి, ఉడకేసిన గుడ్లు, శనగ సుండలు, అంటే మన గుగ్గిళ్ళు. నిజం చెప్పాలంటే ఊళ్ళో భోజనం హోటళ్ళన్నిటికంటే ఆ సుండలే నయం. కానీ రోజూ సుండలు కోసం బారుకు పోతున్నానంటే మా అమ్మ నమ్ముతుందా?

ఇలా బతుకు మీద విరక్తి పుట్టి, కడుపు పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో దొరికింది అక్కా మెస్సు.

మిల్లు కూలీల ఇళ్ళ లైన్లకు వెనకవీధిలో చిన్న పెంకుటిల్లు. నడిపేది అలమేలు అనే ఆవిడ. అందరూ అక్కా అనే పిలిచేవారు. నేలమీద చాపలు, అరటాకులు, గోడకు పెరుమాళ్ళ పటం, దాని పక్కన ఆవిడ భర్త ఫోటో. ఆవిడకొక నియమం ఉండేది. వండింది మొదట పెరుమాళ్ళకు, తర్వాత కాకికి, ఆపైన మాకు. ఆఖరి మనిషి చెయ్యి కడుక్కున్నాకనే ఆవిడ తినేది. అంతదాకా వంట మీద నాలుక పెట్టేది కాదు. రుచి చూస్తే ఎంగిలి అయిపోతుంది కదా! ఉప్పూ పులుపూ అన్నీ చేతి అంచనాతోనే, వాసనతోనే. మొదటిసారి ఆవిడ వత్తకొళంబు, అదే ఒరుగుల పులుసు, తిన్నరోజు నాకు మా అమ్మ గుర్తొచ్చి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను. కారం ఎక్కువైందని రంగసామితో అబద్ధం చెప్పాను.

ఇక్కడ మావాళ్ళ, అంటే తమిళదేశంలో పుట్టిపెరిగిన తెలుగువాళ్ళ, సంగతి ఒకటి చెప్పాలి. మావాళ్ళకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. గడప దాటాక కూడా తెలుగు ఒక్క పనికే పనికొచ్చేది, ఎదుటివాడికి తెలియకుండా మాట్లాడుకోవడానికి. మా అమ్మ ఒట్టన్‌చత్రం సంతలో వంకాయలు చేతిలోకి తీసుకుని, అమ్మేవాడి ముందే మా నాన్నతో, "పుచ్చులప్పా, వీడు మోసగాడు, సగానికి అడుగు" అనేది. అమ్మేవాడు అమాయకంగా నవ్వుతుండేవాడు. ఆ పాలతోనే పెరిగినవాణ్ణి నేను. తెలుగు అంటే తలుపులేసుకున్న గది అనుకున్నాను.

అక్క కొసరి కొసరి వడ్డిస్తూ, ఆ కొంగునాడు సీమ మర్యాదతో "ఎప్పడి ఇరుక్కుంగ?" అని అడిగేది. ఎలా ఉందండీ అని. అందరూ "నల్లా ఇరుక్కుంగ అక్కా!" అనేవారు. బాగుందని చెప్పేందుకు ఎవరికీ నోరు నొప్పి పుట్టదు కదా. నేనూ అలాగే అని, ఆవిడ అటు తిరగగానే రంగసామితో తెలుగులో మొదలుపెట్టేవాణ్ణి.

"ఒరే, ఇదేం సాంబారు రా? చింతపండును దూరం నుంచి చూపించి తీసేసినట్టుండాది."

"మెల్లంగా రా సీనూ."

"ఎందుకు మెల్లంగా? ఎవరికి అర్థమైతాది?"

మర్నాడు సాంబారులో పులుపు సరిగ్గా ఉండేది.

"చూస్తివా? నేను అనుకొన్నానంటే జరిగిపోతాది."

"అనుకోలేదురా నువ్వు. మైకు పెట్టి అరిస్తివి."

ఇంకో రోజు పొరియలు, అదే వేపుడు, మాడిందన్నాను. మర్నాడు మాడలేదు. మజ్జిగ కుళాయి నీళ్ళన్నాను. మర్నాడు చిక్కనైంది. నాలో ఏదో దైవశక్తి ఉందని నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది. పెరుమాళ్ళ పటానికి దండం పెడుతూ, మనమిద్దరం ఒక జట్టు అన్నట్టు చూసేవాణ్ణి. రంగసామికి మాత్రం అనుమానం.

"ఒరే, అక్కకు తెలుగు తెలుసేమో రా."

"ఆమెకా? ఆ ముక్కు చూడు. అది తమిళ ముక్కు."

ముక్కుకు భాష ఉంటుందని నమ్మినవాడికి ఏ గతి పట్టాలో, అదే పట్టింది.

ఒకరోజు రంగసామి ఉడుమలైపేట నుంచి వచ్చిన తన ముగ్గురు బావమరదుల్ని భోజనానికి తీసుకొచ్చాడు. నా వంటల విమర్శ గురించి ముందే గొప్పగా చెప్పి ఉంచాడు. వాళ్ళు ఆకుల ముందు కూర్చుని, నేనేదో హరికథ మొదలుపెట్టబోతున్నట్టు నావైపు చూశారు. చూసేవాళ్ళుంటే నాకు ఒళ్ళు తెలియదు. సాంబారును ఉతికాను, కూటు అనే పప్పుకూరను ఆరేశాను. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకు ఇంకా తలకెక్కి, చుట్టూ చూశాను. గోడ మీది ఫోటో కనిపించింది.

అక్క మెడలో తాళి ఉంది, నుదుట కుంకుమ ఉంది. ఫోటోకు దండ లేదు. మనిషి మాత్రం మెస్సులో ఎవరికీ ఎప్పుడూ కనబడలేదు.

"చూస్తిరా?" అన్నాను. "ఆ మహానుభావుడు ఈ రసం తాగే ఇల్లొదిలి పారిపోయుంటాడు!"

నవ్వు రాలేదు. బావమరదులు నా వెనక్కి చూస్తున్నారు. రంగసామి తన ఆకులోని అన్నంలోకి దూరిపోయే ప్రయత్నంలో ఉన్నాడు. నేను వెనక్కి తిరిగాను. అక్క రసం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"రసానికి పోలేదు సామీ," అంది. మా ఉడుమలైపేట తెలుగు. మా అమ్మ తెలుగు. "ఆయన పోయిన నాడు నాకు వంటే రాదు. పోయినాకనే నేర్చుకొంటిని. నలుగురికి కూడు పెడితే కదా నాకింత దొరికేది."

నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. భూమి చీలితే బాగుండునని ఊరికే అంటారు. నేను నిజంగానే చాప కింద చూశాను.

"అక్కా... మీకు తెలుగు..."

"మీ వూరికి ఆ పక్క వూరే మాది."

"మరి చెప్పలేదే?"

"నువ్వు అడిగితివా? కూడు తమిళంలో అడిగితివి, తమిళంలో పెడితిని. తిట్లు తెలుగులో తిడితివి, తెలుగులో వింటిని."

"తెలిసి కూడా ఎందుకు ఊరకుంటిరి అక్కా?"

ఆవిడ నా ఆకులో రసం పోసింది. "నేను నాలిక మీద పెట్టుకోకుండా వండేదాన్ని. ఎప్పడి ఇరుక్కు అంటే అందరూ నల్లా ఇరుక్కు అంటారు. నిజం చెప్పేవాడివి నువ్వొకడివే. నీ నాలికను పెట్టుకొనే వండితిని ఇన్నాళ్ళూ."

అని పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! గరిటెతో కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. నాకు దైవశక్తి లేదని తెలిసింది. అది పోతే పోయింది. ఒకావిడ నన్ను నమ్ముకుని వంట చేస్తోందని, ఆ నమ్మకాన్ని నలుగురు నవ్వడం కోసం తగలబెట్టానని తెలిసింది. ఆ సిగ్గు ఇన్నేళ్ళైనా చల్లారలేదు.

మళ్ళీ ఆ గడప తొక్కే ముఖం లేక హోటళ్ళ మీద పడ్డాను. మునక్కాడ ముక్క నన్ను గుర్తుపట్టి పలకరించింది. ఇడ్లీలు ఇంకా గట్టిపడ్డాయి. చివరికి కడుపు సిగ్గును ఓడించింది. తల వంచుకుని అక్కా మెస్సుకు వెళ్ళి మూల చాప మీద కూర్చున్నాను. ఆవిడ ఏమీ అనకుండా ఆకు వేసి వడ్డించింది.

సాంబారులో ఉప్పు లేదు.

తక్కువ కావడం కాదు, అసలు లేదు. చుట్టూ చూశాను. అందరూ గడ్డి తింటున్న ఎద్దుల్లా మౌనంగా నములుతున్నారు. రంగసామి నా చెవిలో గొణిగాడు.

"నువ్వు పోయినప్పట్నుంచీ ఇట్లే రా. ఒక రోజు ఉప్పు లేదు, ఒక రోజు ఉప్పే కూర. నీకు పుణ్యముంటాది, ఒక మాట తిట్టు రా!"

అక్క నా దగ్గరికి వచ్చి, గరిటె పట్టుకుని నిలబడింది. ఈసారి తెలుగులోనే అడిగింది, అందరూ వినేలా.

"ఎట్లుండాది సామీ?"

మెస్సు మొత్తం నమలడం ఆపింది. రంగసామి నా తొడ గిల్లాడు. ఉప్పు లేదక్కా అని రెండు మాటలు. అంతే. నాలుక మీదకు వచ్చాయి కూడా. ఆవిడ కళ్ళలోకి చూశాను. ఫోటో గుర్తొచ్చింది.

"నల్లా ఇరుక్కుంగ అక్కా," అన్నాను.

"అట్లనా?" అని, ఇంకో రెండు గరిటెలు పోసింది.

బాగుందన్నాక వద్దనలేం కదా. తిన్నాను. మర్నాడూ అడిగింది, మర్నాడూ అదే అబద్ధం, మళ్ళీ రెండు గరిటెలు. నాకు పెళ్ళయ్యేదాకా అదే నా శిక్ష. రంగసామి నన్ను మనిషిగా చూడడం మానేశాడు. అన్నట్టు, ఒట్టన్‌చత్రంలో మా అమ్మకు వంకాయలు ఏనాడూ ఎందుకు చవగ్గా దొరకలేదో కూడా నాకు అప్పుడే అర్థమైంది.

ఒకరోజు అందరికంటే ఆలస్యంగా లేచి, పెరట్లో చెయ్యి కడుక్కుంటూ లోపలికి చూశాను. అక్క తన ఆకు వేసుకుని కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. చెయ్యి చాచి ఉప్పు జాడీ దగ్గరికి లాక్కుంది. మేమంతా బాగుందని చెప్పి తిని వెళ్ళిపోయాక, ఆ నిజం ఆవిడకు రోజూ అప్పుడే, ఒంటరిగా తెలిసేది. తల ఎత్తి నన్ను చూసింది. నేను చూడనట్టు కుళాయి ఇంకాస్త తిప్పి, కడిగిన చెయ్యే మళ్ళీ కడుక్కున్నాను.

అందుకే పెరుమాళ్ళ సాక్షిగా, ఉప్పు జాడీ సాక్షిగా ఈ ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ మెస్సులోనూ, ఏ హోటల్లోనూ, ఏ బారులోనూ తెలుగులో ఎవరినీ ఎగతాళి చెయ్యను. వండిన మనిషి ఎదుటపడి అడిగితే, ఏ భాషలో అడిగితే ఆ భాషలో నిజమే చెబుతాను. ఈ మాట రాస్తుండగానే మా ఆవిడ వంటింట్లోంచి కేకేసి, పొద్దుటి సాంబారు ఎలా ఉందని అడిగింది. తెలుగులోనే అడిగింది.

"నల్లా ఇరుక్కు" అన్నాను.

గరిటె తీసుకుని వస్తోంది.