దిష్టి గుమ్మడికాయ మీద జర్మన్ ఫిర్యాదు

జర్మన్ మాస్టారుగా నేను రిటైరయ్యే ముందు ఏడాది వేసవిలో జూబ్లీహిల్స్‌లోని ఒక నిర్మాణ సంస్థ నన్ను దుబాషీగా పెట్టుకుంది. వాళ్ల సినిమాకి పనిచేస్తున్న జర్మన్ కెమెరామన్‌కీ యూనిట్‌కీ మధ్య మాట చేరవెయ్యడం నా పని. షూటింగ్ ముగిసి గుమ్మడికాయ కొట్టిన రోజు నేను సెట్లో లేను. మర్నాడు ప్రొడక్షన్ మేనేజర్ ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి రమ్మన్నాడు.

కెమెరామన్ రాసిన ఫిర్యాదు నా ముందు పెట్టి, "లైట్‌మన్ యాదగిరి ఈయన్ని బూతులు తిట్టాడు మాస్టారూ. అలాగే తెలుగులో రాసేయండి, యూనియన్‌కి పంపాలి" అన్నాడు. ఆ కాగితం వెళితే యాదగిరికి ఇక ఏ సెట్లోనూ పని దొరకదు. జర్మన్ ముక్క రాని మనిషికి అందులో బూతులున్నాయని ఎలా తెలిసిందా అని నాకు అనుమానం. పైగా వానకి తడిసిన పరంజా ఎక్కనని యాదగిరి ఈ మేనేజర్‌కే ఎదురు చెప్పి ఎన్నాళ్లో కాలేదు.

ఫిర్యాదులో ఉన్న క్రియ "బెలైడిగెన్". అవమానించడం అని అర్థం. దాని మూలంలో ఉన్నది "లైడ్", అంటే బాధ. పూర్వం ఒకరిని నొప్పించడం, హాని చెయ్యడం అనే అర్థంలో వాడేవారు. నోటితో తిట్టడానికి వాళ్లకి వేరే క్రియ ఉంది. బూతులని రాయనన్నాను. మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు.

అక్కడే ఉన్న కెమెరామన్‌ని ఏం జరిగిందని అడిగాను. యాదగిరి గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి ఆయన తల చుట్టూ తిప్పాడట, తూ తూ అన్నాడట, కాయని కాళ్ల ముందు బద్దలు కొట్టి వెళ్లిపోయాడట. అందరి ముందూ తన మీద ఉమ్మేశాడన్నాడు.

దిష్టి సంగతి నాకు తెలుసు. కానీ కెమెరాకి తీసే దిష్టి మనిషికెందుకు తీశాడు? ఎగతాళికేమోనని యాదగిరి మీదా అనుమానమే. రహమత్ నగర్ నుంచి పిలిపించి అడిగాను.

"సారుకు వారం సంది జరం. దిష్టి తగిలిందనుకున్న. కెమెరాకు తీసినంక ఆయనకు గూడ తీసిన. నేనెందుకు తిడ్త సార్?" అన్నాడు.

అది జర్మన్‌లో చెప్పాను. కెమెరామన్ తన జ్వరం సంగతి ఈ ఆఫీసులో ఇంకెవరూ అడగలేదని మాత్రం అని, ఫిర్యాదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. యాదగిరికి చెయ్యిచ్చాడు.

వాళ్లు వెళ్లాక మేనేజర్ నన్ను ఒకే మాట అడిగాడు, ఆ కాగితం ఫొటో తీసుకున్నారా అని. లేదన్నాను.

ఫిర్యాదులో మాటకి అర్థం వెతికే ముందు, ఆ ఫిర్యాదు ఎవరికి కావాలో చూసుకోవాలని ఆ రోజు తెలిసింది.