ఎం.ఫిల్. కోసం నేను చచ్చిన రోజు

నేనొకసారి చచ్చినాను. నవ్వకండి, సాక్ష్యానికి క్యాసెట్ కూడా ఉంది. పెనుకొండ దగ్గర ఒక పల్లెలో, పట్టపగలు, కళ్లంలో. చచ్చినోడు వచ్చి కత చెప్పడమేందంటారా? అదే కదా నా చదువు గొప్పతనం!

తొంభైల్లో మాట. సంగీతంలో ఎం.ఫిల్. చేస్తాంటి. చావింట్లో ఆడోళ్లు పాడే శోకాలకు స్వరాలు రాసి, అందులో ఏ రాగముందో తేల్చడం నా పని. హిందూపురంలో అద్దెగది. అందులో నేను, నా వయొలిన్, ఒక టేప్ రికార్డర్. పలకరించే దిక్కు లేక, "ఏమప్పా, తిన్యావా?" అని నా గొంతే రికార్డు చేసుకొని, మళ్లీ వేసుకొని, "తిన్యా" అని నేనే జవాబు చెప్పుకునేవాణ్ణి. ఇట్లాంటోనికి పిల్లనెవరూ ఎందుకియ్యలేదో మీరు అడగబోకండి.

నా పరిశోధన చూసే ప్రొఫెసరు, మా గైడు, ఒకరోజు ఫోన్లో తేల్చేసినాడు. "నెలాఖరుకు ఒక్క శోకమన్నా రికార్డు చేసి తేకపోతే నీ పేరు కొట్టేస్తాం."

అంతకు ముందే ధర్మవరంలో, చావుకు పోతూ టేప్ రికార్డర్ని చంకన పెట్టుకుపోయి ఉంటి. పోయిన పెద్దాయన కొడుకు చెప్పు తీసినాడు. బస్టాండు దాకా నేను వెనక్కి చూడలేదు.

అందుకని ఈసారి, శోకాలకు పేరుమోసిన నర్సవ్వను వెతుక్కుంటా పెనుకొండ దగ్గరుండే ఆమె పల్లెకు పోతి. డెబ్బై ఏండ్ల మనిషి, గొంతు మాత్రం కంచు.

"సావు లేని ఇంట్లో శోకం పెడితే అరిష్టం నాయనా. కళ్లంలోకి పోదాం పా" అనింది.

కళ్లంలో కూర్చున్యాం. బటన్ నొక్కినా. అవ్వ నోరు తెరిచి, మళ్లీ మూసింది.

"రాలేదప్పా. పీనుగ లేకుండా పాట యాడ్నుంచి వస్తుంది?"

"ఉన్నట్టు అనుకో అవ్వా."

"అనుకునేకి ఇదేమన్నా లాలిపాటనా? ఎవరన్నా పండుకోవల్ల."

చుట్టూ చూసినా. అవ్వ, నేను, చెనిక్కాయ కట్టె మేస్తాండే ఒక ఎనుము. ఎనుము ఒప్పుకోదు. నేనే కాళ్లు చాపి పండుకున్యా.

"నీకెవరెవరు ఉండారో చెప్పు. వాళ్ల పేరు చెప్పి ఏడ్వల్ల."

"అమ్మానాయన లేరవ్వా."

"పెండ్లాం?"

"లేదు."

"అక్కాచెల్లెండ్లు?"

"లేరు."

"పోనీ, నాలుగు దినాలు కనపడకపోతే యాడుండావని అడిగేటోళ్లు?"

వేళ్లు మడిచి లెక్కపెట్టినా. "గైడు ఉండాడు" అన్యా.

అవ్వ నా తల నిమిరి శోకం ఎత్తుకునింది.

"ఓ నా కొడకా! నీ గైడుసారుకు కాయితాలు ఎవరు మోస్తారు నాయనా! అద్దెగది బీగం ఎవరు తీస్తారు నాయనా! నీ వాకిట్లో ఒగ ముగ్గు లేకపాయ, నీ పక్కన ఒగ మనిషి లేకపాయ నాయనా!"

ఆ గొంతు విని పక్క చేన్లో కలుపు తీస్తాండే పదిమంది ఆడోళ్లు పరిగెత్తుకొచ్చిరి. శోకం చెవిన పడినాక ఊరికే నిలబడే అలవాటు ఆ ఊళ్లో లేదు. ఎవరు, ఏ ఊరు అని ఒక్కరన్నా అడిగితే ఒట్టు! చుట్టూ కూలబడి, ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడుపందుకున్యారు. నిజం చెప్తాన్నా, నా కోసం మనుషులు ఏడ్వడం నేను అదే మొదలు వినడం. ఎంత బిగబట్టినా ఆగలేదు. భోరుమన్యా.

పీనుగ ఏడిస్తే ఎవరు నిలబడతారు? కొడవండ్లు యాడివాడ పారేసి అందరూ ఊళ్లోకి లగెత్తిరి. ఎనుము కూడా పలుపు తెంపుకునింది.

గైడు క్యాసెట్ మొత్తం విన్నాడు. "పాట బాగుంది. మధ్యలో ఈ మగగొంతు ఎవరిది?"

"శవానిదండీ."

ఆయన కండ్లద్దాలు తీసి బల్లమీద పెట్టినాడు. "ఇది పనికిరాదు. పది రోజులిస్తా, మళ్లీ రికార్డు చేసుకొని రా. ఈసారి శవాన్ని నోరు మూసుకోమని చెప్పు."

మళ్లీ పోతే నర్సవ్వ అడ్డంగా తల ఊపింది. "ఒగ మనిషికి ఒగసారే నాయనా శోకం. నీది అయిపాయ. ఇంగ నువ్వు నిజంగా పోయినా, నేను ఏడ్చేకి లేదు."

అట్లా ఎం.ఫిల్. పోయింది. ఈ భూమ్మీద నా వాటాకొచ్చిన ఒక్క ఏడుపూ ఖర్చయిపోయింది. పెనుకొండ బస్సులో కూర్చొని, చేతిలో చెయ్యేసి చెప్పేకి పక్కన ఎవరూ లేక, నా చేతిలో నేనే చెయ్యేసుకొని ఒట్టు పెట్టుకున్యా: జన్మలో ఇంగెప్పుడూ చావను.