మొగలోకి కొట్టుకొచ్చిన తాండూరు కందికట్టెలు

ఉద్యోగ విరమణకు ముందటి చలికాలంలో, తాండూరు నాపరాతి గనుల దుమ్ము కొలుస్తున్న నన్ను మా పర్యావరణ సలహా సంస్థ ఉత్తరాంధ్ర తీరానికి పంపింది. అక్కడొక చమురు ఎగుమతి టెర్మినల్ కట్టాలన్నది ప్రతిపాదన. ఒడ్డున ట్యాంకులు, సముద్రంలో ఓడలు నింపే చోటు, మధ్యన గొట్టం. ఆ గొట్టం పగిలితే చమురు ఎటు పోతుందో సరిచూడడం నా వంతు. అది బయటి సముద్రంలోకే పోతుందని కంపెనీ నివేదిక అప్పటికే తేల్చేసింది.

ఆ టెర్మినల్‌ను ఒంటిచేత్తో ఆపానని వికారాబాద్‌లో నా నడక మిత్రులకు చాలాసార్లు చెప్పాను. జరిగింది వేరు.

తేలే వస్తువులను నీటిలో వదిలి, అవి ఎక్కడ ఒడ్డుకు చేరాయో వెతకడం ఈ వృత్తిలో పాత పద్ధతి. ఖరీదైన పరికరాలు మంజూరు కాలేదు. మా చేలలో అప్పుడే కంది కోతలు అయ్యాయి కనుక, కందికట్టె ముక్కలకు ఎర్రరంగు వేయించి జీపులో తీసుకెళ్లాను. కొండంత అలల మధ్య, పడవ ముక్కున నిలబడి వాటిని విసిరాను. సరే, అలలు మోకాలెత్తు కూడా లేవు. నేను పడవ అడుగున వాంతులు చేసుకుంటుంటే, విసిరింది మా తాండూరు డ్రైవర్ ఖాజా మియా. “మీరు పండుకోండ్రి సార్, మనకు బండలే మంచిగ,” అన్నాడు.

ఇసుక ఒడ్డంతా వెతికాం. కొన్నే దొరికాయి. ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వెళ్లి చూడాలని గానీ, ఊరివాళ్లకు ఒక మాట చెప్పాలని గానీ తోచలేదు.

తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ. కలెక్టర్ అధ్యక్షత వహిస్తారు. అడిగిన ప్రతి ప్రశ్ననూ రాసుకుని, చివర తెలుగులో అందరికీ చదివి వినిపించాలి. మొగలో గుల్లలు ఏరుకుని బతికే అప్పలనరసమ్మ, గంపెడు ఎర్రపుల్లలు వేదిక ముందు గుమ్మరించింది.

“బాబూ, ఇవి మా మడచెట్ల మొదట్లో ఇరుక్కున్నాయి. ఎవులేసినారు? ఇసమేటి?”

కంపెనీ మేనేజరు నా వైపు చూశాడు. నేను ఊరుకుంటే ఆ ప్రశ్న చెత్త గురించిన ఫిర్యాదుగా మిగిలిపోతుంది, ఆమె మొగ, చమురు చేరగల చోట్లు గీసిన ముప్పు పటానికి బయటే ఉండిపోతుంది. సింహంలా లేచానని అందరికీ చెబుతుంటాను. లేవలేదు, నేల చూస్తూ కూర్చున్నాను. వెనక వరసలోంచి ఖాజా మియా గొంతు వినిపించింది.

“సార్, గవి మన కందికట్టెలే గదా! చెప్పుండ్రి, గా అమ్మ పరేషాన్ అయితున్నది.”

హాలంతా నవ్వింది. ఇక లేవక తప్పలేదు. పుల్లల్లో విషమేమీ లేదని, అవి నావేనని, ఓడలు నింపే చోటునే వదిలామని చెప్పాను. పుల్ల చమురులా కదలదు, గాలి దాన్ని ఎక్కువగా నెడుతుంది. అయినా నివేదిక నైరుతి గాలి వీచే నెలలకే లెక్క కట్టిందని, చలికాలపు గాలిని వదిలేసిందని ఒప్పుకున్నాను.

“అయితే నూనె కూడా మా మొగలోకే వస్తాదా?” అంది అప్పలనరసమ్మ.

రావచ్చన్నాను.

“ఏసినోడివి, ఏరుకోడానికి రాలేదేటి బాబూ?” అంది.

ఆమె ప్రశ్న చివర్లో అక్షరం పోకుండా చదివి వినిపించారు. చలికాలపు గాలికి మళ్లీ లెక్క కట్టమని నివేదికను వెనక్కి పంపారు. కొత్త పటంలో మొగ ముప్పు గీత లోపలికి వచ్చింది. టెర్మినల్ ఆగలేదు. నేను రిటైరయ్యేనాటికి ఇంకా పరిశీలనలోనే ఉంది. మాకు మిగిలింది అప్పలనరసమ్మ ఇచ్చిన ఎండుచేపల మూట. వికారాబాద్ చేరేదాకా జీపంతా అదే వాసన.

ఈ పనిలోకి వచ్చేవారు ముప్పు పటం చేతికి రాగానే, దాన్ని ఏ నెల గాలికి గీశారో అడగాలి. పరీక్ష పెట్టే ముందు ఆ నీళ్లలో రోజూ దిగేవాళ్లకు చెప్పాలి.